కల్నల్ పిన్నీ, మడతలో దాగిన దిబ్బా

“పిల్లలన్నాక ఇసుకలో తవ్వుతారు కదా పిన్నిగారూ. తవ్విన చోట ఇంకా ఏమైనా మిగిలి ఉంటే?”

మెట్ల మీద నిలబడి ఈ ప్రశ్న వేసిన మనిషికి అప్పటికి గడ్డం సగమే గీసుకోవడం అయింది. రెండో చెంప మీద సబ్బు నురగ అలాగే ఉంది. కింద వాటా గుమ్మంలో ఉన్న పెద్దావిడ ఆ నురగకేసి చూసి, “ముందు ఆ రెండో వైపు కూడా కానిచ్చి రా నాయనా. సగం గడ్డంతో భయపడితే చూడ్డానికి బాగాలేదు,” అంది.

అతను ఉడుత వాళ్ళ నాన్న. ఉడుత అంటే మూడేళ్ళ పిల్ల. ఒక్కచోట నిలవదు, ఏది దొరికినా రెండు చేతుల్తో పట్టుకుని ముందు పళ్ళతో పరీక్షిస్తుంది కాబట్టి ఆ పేరు. నాన్నదీ పరీక్షలు చేసే ఉద్యోగమే. ఊరికి వచ్చే మంచినీళ్ళను ల్యాబులో చూసి, తాగొచ్చో లేదో చెప్పాలి. తేటగా కనిపించే నీళ్ళలో కంటికి ఆననిది ఏదో ఉండే ఉంటుందని అనుమానించడానికే అతనికి జీతమిస్తారు. ఆ అనుమానం సాయంత్రం అతనితో పాటే ఇంటికి వస్తుంది. ఉడుత బొమ్మ ఎలుగుబంటికి కళ్ళు లేవు. ఎక్కడ మింగుతుందోనని నాన్నే పీకేశాడు. అప్పట్నుంచీ ఆ పిల్ల ఎలుగుబంటిని చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా నడిపిస్తూ ఉంటుంది.

కింద వాటాలో ఉండే ఇంటావిడ అతనికి పూర్తిగా ఎదురు. వీధి వీధంతా ఆమెను కల్నల్ పిన్ని అంటారు. అలాగని ఆమె ఏ సైన్యంలోనూ ఒక్క పూట కూడా పనిచెయ్యలేదు. తుపాకి ముట్టుకున్నది కూడా లేదు. ఆమె టెలిఫోన్ ఆపరేటరు. ఫోన్లన్నీ చేత్తో కలిపే రోజుల్లో ఎక్స్ఛేంజిలో చేరింది. ఎదురుగా నిలువెత్తు బోర్డు, దాన్నిండా వరసగా చిల్లులు, ప్రతి చిల్లు పక్కన ఒక బుల్లి దీపం, కింద ఒక పేరు. దీపం వెలిగితే అందులో తీగ గుచ్చి ‘నంబరు ప్లీజ్’ అనాలి. వాళ్ళడిగిన చిల్లులో రెండో తీగ గుచ్చాలి. అవతలి మనిషి పలకగానే మీట తిప్పేసి లైన్లోంచి తప్పుకోవాలి.

ఆమెకు అప్పజెప్పింది పటాలం బోర్డు. ఊరి చివర ఎత్తైన గోడ వెనక ఒక పాత పటాలం ఉండేది. దాని పేర్లన్నీ ఆ బోర్డు మీద ఉండేవి. మెస్సు, ఆసుపత్రి, బ్యాండు గది, మందుగుండు కొట్టు, గుర్రపుశాల, దిబ్బ. గుర్రాలు పోయి ఎన్నాళ్ళయినా గుర్రపుశాల పేరు మాత్రం మార్చలేదు. అక్కడ ఫోనెత్తే మనిషి జీపులు బాగుచేసేవాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ పేర్లన్నీ ఆమె వేళ్ళకు కొట్టిన పిండి. కళ్ళు మాత్రం ఒక్కదాన్నీ చూసి ఎరగవు. గేటు దగ్గర సెంట్రీ ఉండేవాడు. ఊళ్ళోవాళ్ళను లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు.

“అంత పెద్ద పెద్ద ఆఫీసర్లు ఫోన్లో ఏం మాట్లాడుకునేవాళ్ళు పిన్నీ?” అని వీధిలో ఆడవాళ్ళు ఇప్పటికీ ఆశగా అడుగుతారు.

“నాకేం తెలుసే? కలిపేదాన్ని, తప్పుకునేదాన్ని.”

“ఒక్కసారైనా విని ఉంటావు.”

“విననందుకే కదటే నాకు పెన్షనిస్తున్నారు!”

తర్వాత పటాలం వేరే చోటికి తరలిపోయింది. గోడ పడిపోయింది, గుట్టలు చదునయ్యాయి, ఇళ్ళు లేచాయి. ఎక్కడ ఏముండేదో చెప్పేవాళ్ళే లేకుండా పోయారు. తూర్పు గేటు స్తంభాలు రెండు మాత్రం నిలిచాయి. వాటికి రంగులేసి, పైన రేకుతో చేసిన సూర్యుణ్ణి తగిలించి, ఒక పిల్లల బడి వాళ్ళు తమ గేటు చేసుకున్నారు.

ఆమె రిటైరయ్యాక మేనకోడలొకతె ట్యాబ్ కొనిచ్చి, డిజిటల్ లైబ్రరీ అనేది ఒకటుందనీ, ఎక్కడెక్కడి పాత పుస్తకాలూ అందులో పేజీ పేజీకి ఫొటోలు తీసి పెట్టారనీ చూపించి వెళ్ళింది. ఆమె మొట్టమొదట వెతికింది పటాలం పేరు. దాని చరిత్ర ఎవరో ఆఫీసరు రాసి ఉంచాడు. ఇంకెవరో అందులో పనిచేసిన డాక్టరు జ్ఞాపకాలు రాశాడు. పాత గెజిట్లు దొరికాయి, ఫొటోలు దొరికాయి. అంతే, ఇన్నేళ్ళు బయట నిలబెట్టిన గేటు ఇప్పుడు తెరుచుకున్నట్టయింది.

ఆమె చదివే తీరు చూసి తీరాలి. పేజీ రావడం ఆలస్యమైతే విసుక్కోదు. “లైన్లో ఉండండి,” అంటుంది తెరతో, మర్యాదగా. అక్షరాలు కొట్టడానికి ఒక్క చూపుడువేలే వాడుతుంది, బోర్డులో తీగ గుచ్చినట్టు. యుద్ధాలొస్తే గబగబా దాటేస్తుంది. “వాళ్ళు వీళ్ళని కొట్టారు, వీళ్ళు వాళ్ళని కొట్టారు. ఎవరు రాసినా ఇదే కదా. ఆదివారం మధ్యాహ్నం సిపాయిలు ఏం చేసేవారో రాసినవాడు నా దృష్టిలో గొప్పవాడు.” మెస్సు ఫొటో దొరికిన రోజున వీధిలో అందరికీ చూపించింది. బ్యాండు గదిలో పెద్ద డోలు వాయించేవాడికి ఒక చెవి వినపడేది కాదని డాక్టరు రాసింది చదివి, “అందుకా! ఆ గది నుంచి ఫోనొస్తే మనిషి అరిచేవాడు!” అని ఒకటే నవ్వు. ఉడుత ఆమె ఒళ్ళో కూర్చుని గుర్రాల బొమ్మలు వచ్చినప్పుడల్లా తెరను ముద్దు పెట్టుకునేది. ఉడుత నాన్న ఆఫీసునుంచి వచ్చి, ముందు ఆ తెరను తుడిచి, తర్వాత పిల్ల మూతి తుడిచేవాడు.

అలా ఒక్కొక్క పేరూ దొరుకుతూ వచ్చి, చివరికి ఒక్కటే మిగిలింది. దిబ్బ. అది సిపాయిలు గురి నేర్చుకునే మైదానం చివర, తూటాలు వెళ్ళి గుచ్చుకోవడానికి పోసిన మట్టిగుట్ట. అక్కడా ఒక ఫోను ఉండేది. రోజూ సాయంత్రం కాల్పులు ఆపేశాక ఒక మగ గొంతు, “దిబ్బ నుంచండీ. ఇక్కడంతా క్షేమం. ఆఫీసుకి కలపండి,” అనేది. ఆమె కలిపేది. ఇద్దరూ ఇంతకు మించి మాట్లాడుకున్నది లేదు. అయినా ఆ ఒక్క మాటా వినకుండా డ్యూటీ దిగితే రోజు ముగిసినట్టుండేది కాదు.

దిబ్బ దొరికింది. ఆఫీసరు రాసిన చరిత్ర పుస్తకం చివర్లో ఒక పటం ఉంది, అందులో. ఆ ఉదయం ఆమె మేడమెట్ల కింద నిలబడి పిలిచిన పిలుపుకు పక్కింటివాళ్ళు కూడా బయటికి వచ్చారు.

“అబ్బాయ్! దిబ్బ దొరికింది! ఎక్కడనుకున్నావ్? తూర్పు గేటుని ఆనుకునే! మన ఉడుత చేరబోయే బడి ఉంది చూడు, సరిగ్గా అక్కడే!”

ఆమె శుభవార్త అనుకునే చెప్పింది. ఎదురుగా వచ్చిన మనిషి సగం గడ్డంతో బిగుసుకుపోయాడు. ఎందుకంటే, ఆ పుస్తకంలోంచే కిందటి వారం ఆమె ఒక ముక్క అతనికి సరదాగా చదివి వినిపించి ఉంది. అప్పుడప్పుడు ఆ దిబ్బ మీద ఫిరంగి గుళ్ళు కూడా పేల్చి చూసేవారట. పేలనివి ఉంటే అక్కడే గొయ్యి తీసి పూడ్చేసేవారట.

మెట్ల మీద అతను అడిగిన ప్రశ్న అందుకే పుట్టింది.

అతని ఇల్లాలు ఎక్స్‌రే టెక్నీషియను. మూడేళ్ళూ సెలవులు పొడిగించుకుంటూ వచ్చింది. ఆసుపత్రివాళ్ళు ఇక పొడిగించేది లేదన్నారు. ఇంటికి నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉన్నది ఆ ఒక్క బడే. దానికి ‘వస్తున్నాం’ అని సోమవారం లోపు చెప్పాలి.

“పంపను. తేలేదాకా పంపను,” అన్నాడతను.

“తేలేదాకా అంటే ఎన్నాళ్ళు? నేను డ్యూటీకి ఎలా వెళ్ళను? ఉడుతని మిషను కింద పడుకోబెట్టి ఫిల్ములు తియ్యనా?”

“నువ్వు అర్థం చేసుకోవట్లేదు.”

“ఎలుగుబంటి కళ్ళు పీకావు, ఊరుకున్నాను. ఉయ్యాల గొలుసులు మార్పించావు, ఊరుకున్నాను. ఇప్పుడు నా ఉద్యోగం కూడా పీకేస్తావా? నాకు భయం లేదనుకుంటున్నావా? కానీ ఇంట్లో ఒక్కరే భయపడాలి. ఆ సీటు నువ్వు ఎప్పుడో పట్టేశావు.”

ఆ మాటకు అతనికి తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నం పర్మిషను పెట్టి బడికి వెళ్ళాడు. హెడ్మిస్ట్రెస్ రంగుకాగితాలు కత్తిరిస్తోంది.

“ఈ నేల కింద ఏముందో మీకు తెలుసాండీ?”

“తెలుసండీ. పోయినేడు పైపు పగిలితే తవ్వాం కదా. మట్టి.”

“ఇంకా?”

ఆమె కత్తెర ఆపి అతణ్ణి ఎగాదిగా చూసింది. “ఇంకా మట్టి. సోమవారంలోగా చెప్పెయ్యండి. చాలామంది ఎదురుచూస్తున్నారు.”

పైపు కోసం తవ్విన కాలువ జానెడు వెడల్పుంటుంది, దానికి దొరకనంత మాత్రాన లేదని ఎలా అంటాం, అనుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ రోజంతా కల్నల్ పిన్ని ట్యాబ్ తెరవలేదు. సాయంత్రం మోకాళ్ళు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకి వచ్చింది. ఆమె మేడెక్కడం అరుదు. “నా దిబ్బ మీ కాపురం మీదికి వచ్చేట్టుంది,” అంది ఆయాసపడుతూ. “పద, ఇద్దరం కలిసి చూద్దాం. నేను సంతోషంలో చూశాను. నువ్వు భయంలో విన్నావు. సరిగ్గా చూసినవాళ్ళు ఎవరూ లేరు.”

బల్ల మీద ట్యాబ్ పెట్టుకుని ఇద్దరూ వంగారు. పటంలో ఎడమవైపు పటాలం గోడ, తూర్పు గేటు. దాన్ని ఒరుసుకునే కుడివైపున దిబ్బ. అతను పటాన్ని పెద్దది చేసి చూడసాగాడు. అతని కళ్ళు అలవాటు కొద్దీ ముందు నీళ్ళ మీదికి పోయాయి. పైనుంచి ఒక వాగు గోడ పక్కగా దిగి వస్తోంది. దిబ్బ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అక్కడ చెరువు లేదు, బావి లేదు. వాగు అంతే, లేదు.

“పిన్నిగారూ, ఈ వాగు ఏమైంది?”

“ఏమో, ఎండిపోయిందేమో.”

“ఎండినా దారి ఉంటుంది కదండీ. నీళ్ళు ఇలా గీత గీసినట్టు మాయమవ్వవు. ఈ రోడ్డు కూడా చూడండి, ఇక్కడికొచ్చి ఒక్కసారిగా పక్కకి గెంతింది.”

కల్నల్ పిన్ని పటం మీంచి తల ఎత్తింది. కళ్ళజోడు తీసి, చెవి మీద చెయ్యి పెట్టుకుంది. హెడ్‌సెట్ ఉండే చోట. “రైలు,” అంది.

“రైలేంటండీ?”

“దిబ్బ లైన్లో రైలు కూత వినిపించేది. ఆ అబ్బాయి ‘ఇక్కడంతా క్షేమం’ అంటూ ఉంటే ఒక్కోసారి పక్కనే రైలు వెళ్ళేది. పాపం ఆగి, అది పోయాక మళ్ళీ మొదట్నుంచి చెప్పేవాడు. తూర్పు గేటు దగ్గర రైలెక్కడిది? పట్టాలు అక్కడికి చాలా దూరం కదా!” నెత్తిమీద మెల్లగా కొట్టుకుంది. “చూశావా! కాగితం మీద కనిపించేసరికి నా చెవులు విన్నది నేనే మర్చిపోయాను.”

అప్పుడే ఉడుత ఎలుగుబంటిని నడిపించుకుంటూ ఇద్దరి మధ్యా దూరింది. ఒంటి మీద బాతుల గౌను. నడుం దగ్గర కుచ్చులు. పిన్ని ఆ పిల్లను దగ్గరికి లాక్కుని, ఉన్నట్టుండి ఒక కుచ్చుని వేళ్ళతో నొక్కి పట్టుకుంది.

“అబ్బాయ్, ఇటు చూడు.”

కుచ్చు మడత పడ్డచోట ఒక బాతు తల వెళ్ళి ఇంకో బాతు తోకకు అతుక్కుంది. మధ్యలో ఉండాల్సిన రెండు బాతులు మడత లోపల ఉన్నాయి. పిన్ని వేళ్ళు వదిలింది, బాతులు బయటికి వచ్చాయి. మళ్ళీ నొక్కింది, మాయమయ్యాయి. ఉడుత కిలకిలా నవ్వి, “మళ్ళీ మామ్మా! మళ్ళీ!” అంది.

అతను కుర్చీలోంచి లేచాడు. “పటాన్ని మడత విప్పకుండానే ఫొటో తీసేశారు!”

“ఆ. పుస్తకాల చివర పెద్ద పటాలు మడిచి కుడతారు. తీసినవాళ్ళు తొందరలో ఉన్నారు. వాగూ రైలూ ఆ మడతలో ఉన్నాయి.”

“కానీ మడతలో ఎంతుందో మనకెలా తెలుస్తుంది? ఒక వేలెడు కావచ్చు. అప్పుడు దిబ్బ బడి వెనకే ఉంటుంది.”

ఈసారి పిన్ని అతణ్ణి ఎగతాళి చెయ్యలేదు. “నిజమే. అసలు పుస్తకం చూడాలి,” అంది.

అసలు పుస్తకం పక్క ఊరి పెద్ద లైబ్రరీలో ఉందని డిజిటల్ లైబ్రరీలోనే మొదటి పేజీ మీద ముద్ర ఉంది. శనివారం పొద్దున్నే ముగ్గురూ బస్సెక్కారు. పిన్ని కిటికీ పక్కన, ఉడుత ఆమె ఒళ్ళో, ఎలుగుబంటి ఉడుత ఒళ్ళో. ఉడుత నాన్న నడవా పక్క కూర్చుని డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా ముందు సీటును గట్టిగా పట్టుకున్నాడు.

రీడింగ్ రూములో అటెండరు పెన్నులు బయట పెట్టించాడు. పిల్ల చేతులు చూసి, “బిస్కెట్లు తిందా?” అని అడిగి, ఆ చేతులు కడిగించాడు. ఉడుత నాన్నకు అతను వెంటనే నచ్చాడు.

“ఈ పుస్తకం డిజిటల్‌లో ఉందండీ. హాయిగా ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంత దూరం ఎందుకొచ్చారు?”

“ఇంట్లో మడతే కనిపిస్తోంది బాబూ. నువ్వు విప్పితే చూద్దామని,” అంది పిన్ని.

పుస్తకం వచ్చింది. పటం గట్టిపడి ఉంది. అటెండరు ఊపిరి బిగబట్టి, పల్చటి పట్టీ ఒకటి సందులో పెట్టి, మడతను కొంచెం కొంచెం లేపాడు. లోపలి కాగితానికి ఎండ తగల్లేదేమో, మిగతా పటం పసుపెక్కినా అది తెల్లగానే ఉంది. అది తెరుచుకుంటూ పోతోంది. వాగు బయటికి వచ్చి, వంకర తిరిగి, ముందుకు సాగింది. పొలాలు వచ్చాయి. ఒక చిన్న వంతెన వచ్చింది. ఆ తర్వాత రైలు పట్టాలు. పట్టాలు దాటాక, ఇవాళ సరుకుల గోదాములు ఉన్న బీడులో, దిబ్బ. కాల్పుల మైదానం దానికి ఇవతల ఉంది. గురి ఊరివైపు కాదు, కొండవైపు.

ఉడుత నాన్న జేబులోంచి కొలబద్ద తీశాడు. అటెండరు అడ్డుకోబోయి, అది మెత్తటి కాగితం కొలబద్ద అని చూసి ఊరుకున్నాడు. అతను కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. పటం మూలనున్న స్కేలుతో పోల్చాడు. దిబ్బకూ తూర్పు గేటుకూ మధ్య ఊరు ఊరే పడుతుంది. అప్పుడు కుర్చీలో జారగిలబడి, బస్సు దిగినప్పట్నుంచీ మొదటిసారి పిల్ల చెయ్యి వదిలాడు.

“మరి బడి ఉన్నచోట ఏముండేదో చూడు,” అంది పిన్ని. తూర్పు గేటు పక్కనే ఒక చిన్న చతురస్రం, దాని మీద చీమ తలకాయంత అక్షరాలు. అటెండరు భూతద్దం ఇచ్చాడు. గుర్రపు లద్ది పోసే గుంట అని రాసి ఉంది.

పిన్ని భుజాలు కదలడం మొదలైంది. రీడింగ్ రూములో నవ్వకూడదు కాబట్టి చెంగు నోట్లో కుక్కుకుంది. “తవ్వుకోమను నాయనా,” అంది ఎలాగో. “ఎంత కావాలంటే అంత తవ్వుకోమను!”

తర్వాత నవ్వాగింది. ఆమె వేలు పటానికి తగలకుండా, దాని మీద గాలిలో, గేటు నుంచి వాగు వెంట, వంతెన మీదుగా, పట్టాలు దాటి, దిబ్బ దాకా నడిచింది.

“ఎంత దూరం,” అంది మెల్లగా. “అంత దూరాన ఒక్కడూ కూర్చుని ఉండేవాడన్నమాట. నాకు పక్కగదిలోంచి మాట్లాడినట్టే ఉండేది.”

అటెండరు మడత విప్పిన పటానికి మళ్ళీ ఫొటో తీసి పైకి పంపుతానన్నాడు, అన్నట్టే పంపాడు. డిజిటల్ లైబ్రరీలో ఇప్పుడు ఆ పేజీ తెరుచుకోవడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది. పిన్ని లైన్లో ఉండమంటుంది.

ఆ శనివారం రాత్రి ఇల్లాలు కథంతా విని, “ఇంతకీ మన పిల్ల చేరేది పేడగుంటలోనన్నమాట,” అని, సోమవారం దాకా ఆగకుండా హెడ్మిస్ట్రెస్‌కి అప్పుడే ఫోను చేసింది. ఇంకో వారానికి డ్యూటీలో చేరింది.

బడి తెరిచారు. మందుగుండు భయం తీరింది గానీ, ఉడుత నాన్న గేటు దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. రేకు సూర్యుడి కింద, స్తంభం చాటున నిలబడి, చువ్వల్లోంచి లోపలికి చూసేవాడు. ఉడుత ఇసుకలోకి రెండడుగులు వేసి వెనక్కి తిరిగేది. నాన్న కనపడేవాడు. ఇక రాగం మొదలు. అతను ఆ ఏడుపు చూసి మరింత బిగుసుకుపోయేవాడు. టీచరు బతిమాలింది, హెడ్మిస్ట్రెస్ కత్తెర చూపించింది, లాభం లేకపోయింది. ఆ వారం చివర్లో పిన్ని మోకాళ్ళు పట్టుకుంటూ తనూ వెంట వచ్చింది. కాసేపు అతని పక్కనే నిలబడి, లోపల జరిగేదీ బయట జరిగేదీ చూసింది.

అప్పట్నుంచీ ఇవాళ్టిదాకా అతను రోజూ పొద్దున స్తంభం దగ్గర పిల్ల చెయ్యి వదిలి, ఎలుగుబంటిని తను తీసుకుని, వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరుగుతున్నాడు. మలుపు తిరిగేదాకా చెవుల్లో ఉండేది ఆ రోజు పిన్ని అన్న మాటే.

“లైను కలిశాక మీట తిప్పెయ్యాలి నాయనా. మనం వింటూ నిలబడితే, వాళ్ళ మాటలు మనకి సగమే అందుతాయి గానీ మన ఊపిరి మాత్రం వాళ్ళకి వినిపిస్తూనే ఉంటుంది. ఇక వాళ్ళేం మాట్లాడుకుంటారు చెప్పు? కలిపావుగా. తప్పుకో.”